ఉమ్మడి వంటిల్లు ఎవరిది? - గృహ వినియోగ లెక్కల మీద ఒక విమర్శ

బయటి దేశాల్లో మాంద్యం వచ్చినా, ఎగుమతులు పడిపోయినా భారతదేశానికి ఢోకా లేదనీ, ఎందుకంటే ఇక్కడ స్థూల దేశీయోత్పత్తిలో అయిదింట మూడు వంతులు ప్రజలు తమ ఇళ్ళల్లో చేసుకునే ఖర్చేననీ మన ఆర్థికవేత్తలు ప్రతి బడ్జెట్ ముందూ చెప్పుకొస్తున్నారు. 2011-12 ప్రాతిపదికన వేసిన జాతీయ లెక్కల ప్రకారం 2024-25లో ఈ వాటా దాదాపు 61 శాతం. లెక్కల భాషలో దీని పేరు 'ప్రైవేటు అంతిమ వినియోగ వ్యయం'. దీనికి కొలమానం ఇల్లు. ఈ ఇల్లు అనే మాటనే మేము అనుమానిస్తున్నాం. ఊరికీ వాడకీ మధ్య గీత గీసి ఉన్న దేశంలో, ఇల్లు అనేది కులంతో సంబంధం లేని అమాయకమైన కొలమానంగా ఎట్లా ఉంటుంది? ఈ ప్రశ్న అడగకుండానే మన ఆర్థికశాస్త్రం ఇన్నేళ్ళు నడిచింది.

ముందుగా ఒక మాట. వినియోగం వాటా పెద్దగా ఉండటం దానికదే గొప్పేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో ఈ వాటా ఎనభై శాతానికి పైనే ఉండేది. అప్పుడు జనం కడుపునిండా తిన్నారని ఎవరైనా అంటారా? వచ్చిందంతా పొట్టకే చాలీచాలక సరిపోతే వాటా పెద్దగానే కనబడుతుంది. చైనాలో ఇళ్ళ వినియోగం వాటా నలభై శాతం చుట్టుపక్కలే ఉంది. అక్కడి మనిషి మనకంటే తక్కువ తింటున్నాడని దానర్థం కాదు గదా. వాటా అనేది భాగహారం. పైనున్న అంకె కదలకపోయినా, కిందున్న అంకె తగ్గితే ఫలితం పెరుగుతుంది. డిగ్రీ మొదటి సంవత్సరం పుస్తకంలో ఉన్న ఈ విషయం, టీవీ చర్చల్లో కూర్చుని అరవై ఒకటిని చూపించి జనం చేతుల్లో డబ్బులాడుతున్నాయని చెప్పే పెద్దలకు ఎందుకు గుర్తుకు రాదో మాకు తెలియదు. సరే, అది పక్కన పెడదాం.

ఈ దేశంలో ఇళ్ళ వినియోగాన్ని రెండు దారుల్లో లెక్కగడతారు. మొదటిది జాతీయ లెక్కల దారి. ఇందులో ఎవరింటి గడపా తొక్కరు. ఫలానా సరుకు దేశంలో ఎంత పండింది, ఎంత తయారయింది, ఎంత దిగుమతయింది చూసుకుని, అందులోంచి ఎగుమతయింది, ప్రభుత్వం వాడింది, ఫ్యాక్టరీకి ముడిసరుకుగా పోయింది, విత్తనానికి పోయింది తీసేస్తారు. మిగిలింది ఇళ్ళల్లో ఖర్చయిందని రాసుకుంటారు. 61 శాతం అనేది ఈ దారిలో వచ్చిన అంకె. రెండోది నమూనా సర్వే దారి. ఇందులో మనుషులు ఇంటికొచ్చి పోయిన వారంలో, పోయిన నెలలో, పోయిన ఏడాదిలో ఏమేం తిన్నారు, ఏమేం కొన్నారు అని అడిగి రాసుకుంటారు. 1970ల మొదట్లో ఈ రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా ఉండేవి. 2011-12 నాటికి సర్వేలో తేలింది జాతీయ లెక్కలో సగానికి కొంచెం అటూ ఇటూ అయింది. ఆ మిగతా సగం ఎవరు తిన్నారు అన్న ప్రశ్న మీద పెద్ద పెద్ద పండితులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

సర్వే వాళ్ళ దృష్టిలో ఇల్లంటే ఏమిటి? మామూలుగా కలిసి ఉంటూ, ఒకే ఉమ్మడి వంటింట్లో వండింది తినే మనుషుల గుంపు. చూడటానికి ఇది ఎంతో న్యాయంగా ఉన్న నిర్వచనం. రక్తసంబంధం అడగలేదు, మతం అడగలేదు, పొయ్యి ఒకటా కాదా అని మాత్రమే అడిగింది. అయితే దీని వెనుక ఇంకో నియమం ఉంది. యజమాని ఇంట్లోనే ఉంటూ అక్కడే తినే పనిమనిషి, జీతగాడు కూడా ఆ ఇంటి సభ్యులే. ఇంకో నియమం కూడా ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళు వేరువేరు సామాజిక వర్గాలకు చెందినవాళ్ళయితే, ఇంటి పెద్ద ఏ వర్గమో ఇల్లంతా ఆ వర్గం కిందికే వస్తుంది.

ఈ మూడు నియమాలనూ కలిపి చదవండి. మా నాయిన పదేళ్ళ వయసులో పటేల్ ఇంట్లో జీతం కుదిరాడు. ఏడాదికి ఇన్ని వడ్లు అని మాట. పండుకునేది కొట్టంలో, ఎడ్ల పక్కన. తినేది ఆ ఇంట్లో వండిందే, కాకపోతే దొడ్డివాకిలి దగ్గర, సత్తు గిన్నెలో, పైనుంచి వేస్తే. ఆ గిన్నె కడుక్కుని కొట్టం చూరులో చెక్కి పెట్టుకోవాలి. ఆ ఇంటి వంటింటి గడప దాటి ఆయన ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. పోతే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రోజుల్లో నమూనా సర్వే వాళ్ళు ఆ ఇంటికి వచ్చి ఉంటే, ఈ నియమాల ప్రకారం మా నాయిన 'ఉమ్మడి వంటింటి' సభ్యుడు! వాడలో ఉన్న మా నాయినమ్మ ఇంటి లెక్కలోంచి ఆయన తల తీసేస్తారు, పటేల్ ఇంటి లెక్కలో కలుపుతారు. ఇంటి పెద్ద కులమే ఇంటి కులం కాబట్టి కాగితం మీద ఆయన కులం కూడా మారిపోతుంది. ఇన్ని ఉద్యమాలు చేయలేకపోయిన కులనిర్మూలన ఒక్క షెడ్యూలు కాగితంతో జరిగిపోయింది.

ఇది పాతకాలపు ముచ్చట, ఇప్పుడు జీతగాళ్ళెక్కడున్నారు అనేవాళ్ళుంటారు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని ఎత్తుకోవడానికి, ముసలివాళ్ళని చూసుకోవడానికి మా జిల్లాల నుంచి వచ్చి అక్కడే ఉంటున్న ఆడపిల్లలు ఎవరు? వాళ్ళు వంటగది పక్కనో బాల్కనీలోనో పడుకుంటారు. వాళ్ళకి ప్లేటు వేరు, లిఫ్టు కూడా కొన్ని చోట్ల వేరు. సర్వేలో మాత్రం వాళ్ళు ఆ ఫ్లాటు 'సభ్యులు'. ఆ ఇంటి కారు పెట్రోలు, ఏసీ కరెంటు, పిల్లల స్కూలు ఫీజు అన్నీ కలిపి తలల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటులో ఆ పిల్లకీ సమాన వాటా ఉంటుంది. పట్టణ వినియోగంలో పైమెట్టు మీద కూర్చున్న దళిత ఆడపిల్ల! అదీ దళిత అన్న పేరు లేకుండా.

ఇక రోజూ వచ్చి పోయే పనివాళ్ళ సంగతి. ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది, మా దృష్టిలో ఇది మొదటిదానికంటే లోతైనది. వండిన అన్నం ఎవరు వడ్డిస్తే వాళ్ళ వినియోగంగా రాస్తారు తప్ప, తిన్నవాళ్ళ వినియోగంగా రాయరు. చుట్టాలకి పెట్టినా, కూలీలకి పెట్టినా, కూలిలో భాగంగా పెట్టినా ఇదే పద్ధతి. రెండు చోట్లా రాస్తే ఒకే అన్నం రెండుసార్లు లెక్కకొస్తుందని దీనికి కారణం చెబుతారు. దీనివల్ల దేశం మొత్తం సగటు చెడిపోదు, అది నిజమే. కానీ అన్నం పెట్టేవాళ్ళు పైమెట్లలోనూ, తినేవాళ్ళు కిందిమెట్లలోనూ ఉంటారు కాబట్టి, ఉన్నవాళ్ళు తిన్నదానికంటే ఎక్కువ తిన్నట్టు, లేనివాళ్ళు తక్కువ తిన్నట్టు తేలుతుందని సర్వే సంస్థ తన నివేదికల్లో తానే ఒప్పుకుంది. పోషకాహార నివేదికల్లో కేలరీల దగ్గర దీనికి కొంత సవరణ చేస్తారు. పేదరిక రేఖ గీసే రూపాయల పట్టికల్లో చేయరు.

మా అమ్మ 1990లలో పదేళ్ళకు పైగా రెండిళ్ళల్లో పెండ తీసి, వాకిలి ఊడ్చి, బాసన్లు తోమింది. చేతికిచ్చే డబ్బులు నెలకి లెక్కపెట్టుకునేంత కూడా ఉండేవి కావు. అసలు కూలి అంటే రాత్రి మిగిలిన బువ్వ, పులిసిన కూర, పండగనాడు నాలుగు గారెలు. కొంత అక్కడే తినేది, కొంత కొంగున కట్టుకుని మాకు తెచ్చేది. మేము, మా చెల్లె పొద్దున బడికి పోయేముందు ఆ సద్ది తినే పోయేవాళ్ళం. యూనివర్సిటీకి వచ్చి ఈ సర్వే సూచనల పుస్తకం చదివిన రోజు మాకు అర్థమైందేమంటే, మేము తిన్నదంతా పటేల్ ఇంటి వినియోగం. మా అమ్మ చాకిరీ చేసి సంపాదించిన కూలి, ఆయన ఖాతాలో ఆయన ఖర్చుగా నమోదయ్యే వ్యవస్థ ఇది. కూలి అనేది ఒక్క అడ్డగీతతో దానం అయిపోయింది.

దీనివల్ల మీ పేదరికం ఎక్కువగానే కనబడుతుంది గదా, మీకొచ్చిన నష్టమేంటి అని ఒక సెమినార్లో ఒక ప్రొఫెసర్ గారు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. మేము కోరేది మా పేదరికాన్ని ఎక్కువ చేసి చూపించమనీ కాదు, తక్కువ చేసి చూపించమనీ కాదు. వినియోగం వెనుక ఉన్న శ్రమ సంబంధాన్ని దాచొద్దంటున్నాం. సద్దిబువ్వని మా అమ్మ కూలిగా రాస్తే, ఎన్ని గంటల చాకిరీకి ఎన్ని మెతుకులు అన్న ప్రశ్న వస్తుంది, ఆ మెతుకుల నాణ్యత గురించీ వస్తుంది. పటేల్ గారి ఆతిథ్యంగా రాస్తే ఏ ప్రశ్నా రాదు. వెట్టికి చట్టంలో 1976లో నిషేధం వచ్చింది, లెక్కల్లో మాత్రం దానికి పేరే లేదు.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ఫలితాలు 2024లో బయటికొచ్చాయి. అంతకుముందు 2011-12 తర్వాత పదకొండేళ్ళు దేశానికి ఈ లెక్కే లేదు. మధ్యలో 2017-18లో సర్వే జరిగింది. నాణ్యత బాగా లేదని చెప్పి 2019 నవంబరులో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పత్రికలో బయటపడ్డ ముసాయిదా ప్రకారం ధరల పెరుగుదల తీసేస్తే తలసరి వినియోగం 2011-12 కంటే 3.7 శాతం తగ్గింది. తగ్గినప్పుడు నాణ్యత మీదా, పెరిగినప్పుడు ప్రగతి మీదా దృష్టి పడటం ఈ దేశంలో కొత్త కాదు.

2022-23 నివేదికలో పల్లెల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459. ఈ రెండు అంకెల్నే అందరూ చెప్పారు. కులాలవారీ పట్టికని పేపర్లు లోపలి పేజీల్లో కూడా సరిగా వేయలేదు. పల్లెల్లో ఆదివాసులు 3,016, దళితులు 3,474, బీసీలు 3,848, మిగతావాళ్ళు 4,392. పట్టణాల్లో ఆదివాసులు 5,414, దళితులు 5,307, బీసీలు 6,177, మిగతావాళ్ళు 7,333. పట్టణం పట్టికలో అందరికంటే అడుగున ఉన్నది దళితులు. పట్నం పోతే కులం పోతుందని చెప్పినవాళ్ళు ఈ వరసని మళ్ళీ ఒకసారి చదవాలి. 'మిగతావాళ్ళ'కీ దళితులకీ పట్టణంలో తేడా మనిషికి నెలకి 2,026 రూపాయలు. నలుగురున్న ఇంటికి ఎనిమిది వేల పైచిలుకు. ఆ ఎనిమిది వేలలో ఒక ఇంటద్దె ఉంది, ఒక పిల్లవాడి ఇంగ్లీషు మీడియం చదువుంది, పాలు పళ్ళు ఉన్నాయి. ఈ అంకెలు కూడా పైన చెప్పిన నియమాలతో వచ్చినవేనని మరిచిపోవద్దు.

ఇక ఆ మాయమైన సగం సంగతి. సర్వేకి దొరకనిది ఎక్కువగా పైవాళ్ళ ఖర్చు అన్నది ఇంగితం ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. గేటెడ్ కాలనీల్లో వాచ్‌మన్ దాటి లోపలికి పోయి, మీరు పోయిన ఏడాది విమానం టికెట్లకి ఎంత పెట్టారు అని అడిగి నిజం రాబట్టడం అంత తేలిక కాదు. అయితే ఒకప్పటి ప్రణాళికా సంఘం ఏం చేసేదంటే, జాతీయ లెక్కకీ సర్వే లెక్కకీ మధ్య ఉన్న తేడాని అందరికీ ఒకే నిష్పత్తిలో పంచేసేది. పైవాడి ఖర్చు ఇంత శాతం తగ్గిందని తేలితే, కూలివాడి ఖర్చు కూడా అంతే శాతం పెంచి రాసేవాళ్ళు. కాగితం మీద కూలివాడి కంచంలోకి షావుకారు ఫ్రిజ్జులో ముక్క వచ్చి పడేది. 1993లో నివేదిక ఇచ్చిన లక్డావాలా కమిటీ ఈ పద్ధతిని వదిలేసింది. కానీ ఆ ఆలోచన చావలేదు. 2022లో ఐఎంఎఫ్ వర్కింగ్ పేపరుగా సుర్జీత్ భల్లా, కరణ్ భాసిన్, అరవింద్ వీరమాని ఒక పత్రం వెలువరించారు. జాతీయ లెక్కల్లో వినియోగం ఎంత వేగంగా పెరిగిందో ఇళ్ళల్లో కూడా అంతే వేగంగా పెరిగిందనుకుని, దానికి ఉచిత బియ్యం, గోధుమల విలువ కలిపి, 2019 నాటికే దేశంలో తీవ్ర పేదరికం ఒక శాతం లోపుకి వచ్చిందని తేల్చారు. అంటే అరవై శాతం వాటా అన్న ఆ పెద్ద అంకె ఊరికే పుస్తకాల్లో ఉండదు. అది నడుచుకుంటూ వచ్చి వాడలో పేదరికాన్ని రద్దు చేస్తుంది.

దీన్ని ఎదిరించిన వామపక్ష ఆర్థికవేత్తలు ఉన్నారు, వాళ్ళ శ్రమని మేము చిన్నచూపు చూడటం లేదు. కేలరీల లెక్క తీసి, పేదరికం తగ్గిందన్న వాదాన్ని ప్రశ్నించిన ఉత్సా పట్నాయక్ లాంటివాళ్ళ రచనలే మాకు ఈ దారి చూపించాయి. కానీ వాళ్ళకి కూడా జనం పది మెట్లుగానే కనబడ్డారు. అడుగు పది శాతం, పై పది శాతం. మెట్టుకి కులం లేదు. బీసీలను విడిగా లెక్కించడం సర్వేలో 1999-2000 విడతలోనే మొదలైంది. అంతవరకూ వాళ్ళు 'ఇతరుల్లో' కలిసిపోయి ఉన్నారు, అది లోపమని ఆ పండితుల్లో ఎంతమందికి తోచింది?

అడిగితే నిజం చెబుతారన్న నమ్మకం మీద సర్వే నిలబడి ఉంది. మేము మా పరిశోధన కోసం పాత షెడ్యూలు నకలు పట్టుకుని మా వాడలోనే కూర్చున్నాం. తోడుగా ఒక స్నేహితుడు వచ్చాడు, వేరే కులం, మంచివాడు. వరసకి పెద్దమ్మ అయ్యే ఆవిడని పోయిన వారం ఏం కూరలు వండారని అతను అడిగాడు. "కూరగాయలే సారూ, ఏమున్నది మాకు" అంది. గుడ్లు? "లేదు సారూ." మాంసం? "పండగకి కోడి." అతను పక్కింటికి పోయాక మావైపు తిరిగి, "ఆయన ముంగట ఎట్ల చెప్పాలె బిడ్డా, నిన్ననే పెద్దకూర తెచ్చుకున్నం, పిల్లలు మంచిగ తిన్నరు. నువ్వు గూడ తిందువు గాని ఉండు" అంది. షెడ్యూలులో ఎద్దు, బర్రె మాంసానికి ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉండిపోయింది. బాల్మూర్లి నటరాజన్, సూరజ్ జాకబ్ 2018లో రాసిన వ్యాసంలో, సామాజిక ఒత్తిడి వల్ల జనం మాంసం, ముఖ్యంగా పశుమాంసం తినే సంగతి తక్కువ చేసి చెబుతున్నారని చూపించారు. మేము చూసింది అదే. మా పిల్లల ఒంటికి పట్టే చవకైన మాంసకృత్తులు భయం వల్ల లెక్కకి రావు. లెక్కకి రాలేదు కాబట్టి ఈ దేశం శాకాహార దేశం అని ఇంకొకాయన అదే అంకె పట్టుకుని రాస్తాడు. ఆ రోజు మేము గడి నింపామా అంటే, నింపాం, పెద్దమ్మ పేరు తీసేసి.

మరో సంగతి. వినియోగం పెరిగిందంటే బతుకు బాగుపడిందని అనుకునేవాళ్ళకి మా ఇంటి ఒక ఏడాది లెక్క చెబుతాం. అమ్మకి జబ్బు చేసింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో లక్షా ఎనభై వేలు అయింది. మూడు రూపాయల మిత్తికి తెచ్చాం, రెండు మేకలు అమ్మాం. ఇంట్లో అయిదుగురం. లక్షా ఎనభై వేలని పన్నెండు నెలలకీ అయిదుగురికీ పంచితే మనిషికి నెలకి మూడు వేలు. సర్వే నియమాల ప్రకారం ఇదంతా వినియోగమే. ఆ ఏడాది వాడలోకెల్లా ఎక్కువ 'వినియోగించిన' ఇల్లు మాది అయి ఉండేది. ఆ తర్వాత నాలుగేళ్ళు కట్టిన మిత్తి మాత్రం వినియోగం కిందికి రాదు. అంటే జబ్బు మమ్మల్ని పై మెట్టు ఎక్కిస్తుంది, అప్పు మమ్మల్ని కిందికి దించదు. పల్లెల్లో తిండి మీద పెట్టే ఖర్చు 2022-23లో మొత్తం ఖర్చులో 46 శాతానికి తగ్గింది, తిండి వాటా తగ్గడం అభివృద్ధికి గుర్తు అని రాశారు. తిండి కాని మిగతా ఖర్చులో ఆస్పత్రి ఎంత, ఫీజు ఎంత, సెల్‌ఫోన్ రీచార్జి ఎంత అని విడదీయకుండా సంబరపడటం ఎందుకు? పిల్లవాడి ఫీజు కట్టడానికి పాలు మానేసిన ఇల్లు కూడా ఆ 'గుర్తు'లో ఉంది.

ఉచితంగా వచ్చేదాని గురించి కూడా పెద్ద గోల ఉంది. 1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు కూలోళ్ళు పనికి రారని ఆసాములు ఏడ్చిన సంగతి మా ఊరి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. ఆ ఏడుపులో నిజముంది. రేషన్ బియ్యం ఇంటికొచ్చిన నాడు మా నాయినమ్మ పటేల్ ఇంటి సద్దికి చేయి చాచడం తగ్గించింది. ఇప్పుడు ఉచితాల వల్ల దేశం దివాళా తీస్తోందంటున్నారు. 2022-23 సర్వేలోనే ఉచితంగా అందిన సరుకులకి విలువ కట్టి కలిపితే పల్లెల్లో సగటు 3,773 నుంచి 3,860 అయింది. తేడా ఎనభై ఏడు రూపాయలు.

ఇప్పటిదాకా అంకెల గురించి మాట్లాడాం. 'ప్రైవేటు' అన్న మాట మిగిలింది. ఆర్థికశాస్త్రం ప్రకారం మనిషి దగ్గర డబ్బుంటే, సరుకు బజార్లో ఉంటే, కొనడం కొనకపోవడం అతని సొంత ఇష్టం. ఈ దేశంలో దళితుడికి ఇది ఏనాడు నిజం? అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాసిన సంగతులు చూడండి. జైపూర్ సంస్థానంలోని చక్వారా అనే ఊరిలో తీర్థయాత్ర నుంచి వచ్చిన ఒక అంటరానివాడు తన వాళ్ళకి విందు పెట్టాడు, వంటల్లో నెయ్యి వాడాడు. డబ్బు అతనిది, నెయ్యి అతనిది. అయినా సవర్ణులు కర్రలు పట్టుకుని వచ్చి విందుని పాడుచేశారు. ఇండోర్ ప్రాంతంలో 1928లో బలాయీలకు పెట్టిన ఆంక్షల జాబితా ఇంకా స్పష్టంగా ఉంది. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు ధోవతి కట్టకూడదు, ఆడవాళ్ళు వెండి బంగారం పెట్టుకోకూడదు, చేసిన చాకిరీకి ఇచ్చింది పుచ్చుకోవాలి. ఈ జాబితా మా కళ్ళకి వినియోగ సర్వే షెడ్యూలు లాగే కనబడుతుంది, వస్తువుల వరస అదే. ఒకటి ఎంత కొన్నావని అడుగుతుంది, రెండోది కొంటే ఏం చేస్తామో చెబుతుంది. అంబేద్కర్ స్వయంగా ఆర్థికశాస్త్రంలో పెద్ద చదువులు చదివినవాడు, 1923లోనే రూపాయి సమస్య మీద గ్రంథం రాసినవాడు. మన ఆర్థికశాస్త్ర విభాగాల్లో ఆయన్ని ఆ పుస్తకానికి పరిమితం చేసి, నెయ్యి సంగతిని సామాజికశాస్త్రం వాళ్ళకి తోసేశారు. మా దృష్టిలో నెయ్యి సంగతే అసలైన వినియోగ సిద్ధాంతం.

మన దగ్గరికే వస్తే, 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది ఎక్కడ? దళితులు తాగే చెరువు నీళ్ళ దగ్గర గేదెల కుడితి బక్కెట్టు కడగడం దగ్గర. ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టులో చుండూరు హత్యాకాండకి ముందు జరిగిన తగాదా ఎక్కడ? సినిమా హాల్లో, కాలు తగిలిందన్న దగ్గర. ఎనిమిది మందిని నరికారు. ఆ సినిమా టికెట్టు డబ్బులు 1991-92 ప్రైవేటు అంతిమ వినియోగ వ్యయంలో కలిసే ఉంటాయి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉన్న ఊళ్ళో లోపల బల్ల మీద తాగిన చాయ్, బయట రాయి మీద కూర్చుని విడి గ్లాసులో తాగి కడిగిపెట్టిన చాయ్ ఒకటే ధర. జాతీయ లెక్కలో రెండూ ఒకే చాయ్. గ్లాసు కడిగిన శ్రమకి అసలు లెక్కే లేదు.

ఇదంతా చెప్పి, కాబట్టి ఈ లెక్కలే వద్దు అనే మాట మేము అనడం లేదు. అలా అనే సౌకర్యం అంకెలు లేకపోయినా బతుకు గడిచేవాళ్ళది. పట్టణంలో 5,307 అన్న అంకె లేకపోతే మేము ఈ వ్యాసం రాయలేకపోయేవాళ్ళం. మా కోరిక చాలా చిన్నది. 2011-12 విడత షెడ్యూలులో ప్రతి మనిషి పేరు ఎదుట, ముప్ఫై రోజుల్లో ఇంటి బయట ఎన్ని పూటలు తిన్నాడు, అందులో బడిలో ఎన్ని, యజమాని దగ్గర కూలిలో భాగంగా ఎన్ని అని విడివిడిగా గడులు ఉన్నాయి. ఇంటి సామాజిక వర్గం ఇంకో పేజీలో ఉంది. ఈ రెండు పేజీలనీ కలిపి, యజమాని పెట్టిన పూటలు ఏ కులానికి ఎన్ని అని ఒక పట్టిక వేయొచ్చు. కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త పన్ను అక్కర్లేదు. యజమాని ఇంట్లోనే ఉండే పనివాళ్ళ వరసలో వాళ్ళ సొంత కులం రాయడానికి ఒక గడి అదనంగా కావాలి. వచ్చే విడత షెడ్యూలు తయారయ్యేటప్పుడు ఈ రెండింటినీ అడగాల్సిన బాధ్యత యూనివర్సిటీల్లో ఆర్థికశాస్త్రం చదువుతున్న మనోళ్ళ మీద ఉంది. మేము మా వంతుగా వాడలోని నలభై రెండిళ్ళకి ఆ పట్టిక వేయడం మొదలుపెట్టాం. పద్దెనిమిది ఇళ్ళు అయ్యాయి. మిగతావి కందులు కోత అయ్యాక చేస్తాం, ఇప్పుడు పగటిపూట ఎవరూ ఇంటి దగ్గర దొరకడం లేదు.